లామినైటిస్ నుంచి కోలుకుంటున్న గుర్రం: పశువైద్యుని మాటతో ఏకీభవించలేనప్పుడు ఏ దారి ఎంచుకోవాలి

లామినైటిస్ (గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే పొరలు దెబ్బతిని సడలే జబ్బు) విషయంలో యజమానికీ పశువైద్యునికీ మధ్య అభిప్రాయభేదం సాధారణంగా మొదటి వారంలో రాదు. గుర్రం ముందుకాళ్ళు చాచి, బరువంతా వెనక్కి మోపి, అడుగు తీసి అడుగు వేయలేక నిలబడినప్పుడు నొప్పి తగ్గించాలనీ, మెత్తటి పడక వేయాలనీ, దాణా ఆపాలనీ అందరూ ఒప్పుకుంటారు. పేచీ మొదలయ్యేది ఆ తర్వాత, పైకి బాగానే కనిపిస్తున్న గుర్రానికి గిట్ట లోపల ఇంకా నయం కాని నెలల్లో. గిట్ట గోడ నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి, ముందు భాగంలో పై అంచు నుంచి నేల దాకా కొత్త గోడ దిగడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. అన్ని నెలల పాటు రోజూ గుర్రాన్ని చూసే యజమాని ఒకటి అనుకోవడం, కొన్ని వారాలకోసారి వచ్చి చూసే వైద్యులు మరొకటి అనుకోవడం సహజమే.

ఆ పరిస్థితిలో మీ ముందు నాలుగు దారులుంటాయి: వైద్యులు చెప్పినట్టే చేయడం, వారితో మాట్లాడి చికిత్సలో ఏదో ఒక భాగాన్ని గడువు పెట్టి మార్పించుకోవడం, మరో వైద్యుని అభిప్రాయం తీసుకోవడం, ఎవరికీ చెప్పకుండా మనకు తోచింది చేసుకుపోవడం. నాలుగోది తప్పని అందరూ అంటారు గానీ, ఆచరణలో ఎక్కువగా జరిగేది అదే. మందు పొట్లం సగమే కలపడం, సాయంత్రం ఓ గంట పచ్చికలో వదలడం, చెప్పినదాని కంటే రెండు వారాల ముందే లాడాలు తీయించడం వంటివి చిన్న మార్పుల్లాగే కనిపిస్తాయి. వాటి సంగతి తెలియని వైద్యులు తర్వాతి పరీక్షలో వచ్చిన ఫలితాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, అక్కడి నుంచి చికిత్స మొత్తం దారి తప్పుతుంది. అందుకే నాలుగో దారిని పక్కన పెట్టి, మిగిలిన మూడింటి మధ్య ఎంపిక ఎలా చేయాలో చూద్దాం.

ఎంపికకు నాకు ఉపయోగపడే కొలబద్దలు రెండే. ఈ నిర్ణయం తప్పని తేలితే వెనక్కి తీసుకోగలమా అన్నది మొదటిది. దీన్ని తేల్చగల ఆధారం ఎవరి దగ్గరుంది, ఎవరి దగ్గరా లేకపోతే ఏ పరీక్ష చేస్తే వస్తుంది అన్నది రెండోది. గడ్డి వలను మార్చడం తప్పైతే రేపే సరిదిద్దుకోవచ్చు. సన్నబడిన అరికాలు మీద గుర్రాన్ని గట్టి నేల మీద నడిపించడం తప్పైతే సరిదిద్దుకునేదేమీ మిగలకపోవచ్చు. ఈ రెండిటికీ ఒకే స్థాయిలో వాదులాడటం వల్లే చాలా సంభాషణలు చెడిపోతాయి.

ముందు జబ్బు ఏ దారిన వచ్చిందో తేలాలి

గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడకు వేలాడదీసి పట్టి ఉంచేవి లామెల్లాలనే సన్నటి పొరలు. రెండు దువ్వెనల పళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు అవి అల్లుకుని ఉంటాయి. ఆ పట్టు సడలినప్పుడు ఎముక వెనక్కి తిరగడమో కిందికి దిగడమో జరుగుతుంది. సడలడానికి కారణాలు మూడు రకాలు. మొదటిది ఇన్సులిన్ హెచ్చు స్థాయిలో ఉండిపోవడం. ఈక్వైన్ మెటబాలిక్ సిండ్రోమ్ (గుర్రాల్లో ఇన్సులిన్ అదుపు తప్పే జబ్బు) ఉన్న లావుపాటి గుర్రాల్లోనూ, పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్న ముసలి గుర్రాల్లోనూ కనిపించేది ఇదే, మొత్తం మీద ఎక్కువగా ఎదురయ్యేదీ ఇదే. రెండోది ఒళ్ళంతా పాకిన విషప్రభావం, అంటే గింజలు ఎక్కువగా తినేయడం, తీవ్రమైన విరేచనాలు, ఈనిన తర్వాత మావి పడకపోవడం వంటివాటి పర్యవసానం. మూడోది ఒక కాలికి దెబ్బ తగిలి, దానికి ఎదురుగా ఉన్న కాలు వారాల తరబడి బరువంతా మోయడం వల్ల వచ్చేది.

ఈ తేడా తెలియకుండా తిండి గురించీ పచ్చిక గురించీ వాదించడం వృథా. మావి పడక లామినైటిస్ వచ్చిన సన్నని ఆడగుర్రానికి జీవితాంతం చక్కెర లేని గడ్డే పెట్టాలని పట్టుబట్టాల్సిన పని లేదు. మెడ మీద కొవ్వు గట్టిపడి, పక్కటెముకలు చేతికి తగలని పోనీకి (పొట్టి జాతి గుర్రానికి) మాత్రం తిండే మందు, తిండే విషం. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పోనీలకు, రక్తంలో గ్లూకోజు మామూలుగానే ఉండేలా చూస్తూ, ఇన్సులిన్‌ను ఎడతెగకుండా ఎక్కించినప్పుడు మూడు రోజుల్లోపే వాటికి లామినైటిస్ వచ్చింది. ఇన్సులిన్‌ను కొలవకుండా ఈ జబ్బును సంభాళించడం చీకట్లో బాణం వేయడమేనని అప్పటి నుంచి చెప్పక తప్పడం లేదు.

కాబట్టి మీ వైద్యులు గుర్రం రక్తంలో ఇన్సులిన్‌నూ, వయసు మళ్ళినదైతే పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే ఎ.సి.టి.హెచ్. హార్మోన్‌నూ కొలవకుండానే పథకం చెప్పి ఉంటే, మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది ముందు ఇక్కడే. ఇది వారి మాటను కాదనడం అవదు, వారికి లేని ఆధారాన్ని సమకూర్చడమే అవుతుంది. అయితే వైద్యులు పరీక్షను కొన్ని వారాలు వాయిదా వేయమన్నా అందులో న్యాయం ఉండవచ్చు: తీవ్రమైన నొప్పీ ఆందోళనా ఈ రెండు విలువలనూ పెంచుతాయి, ఎ.సి.టి.హెచ్. శరదృతువులో ప్రతి గుర్రంలోనూ సహజంగానే పెరుగుతుంది కాబట్టి ఆ కాలానికి వేరే ప్రమాణాలతో పోల్చాలి. మామూలు ఇన్సులిన్ విలువ సరిగానే వచ్చిందని జబ్బు లేదనుకోవడమూ పొరపాటే. అనుమానం బలంగా ఉంటే చక్కెర పాకం తాగించి, గంట, గంటన్నర తర్వాత మళ్ళీ రక్తం తీసే పరీక్ష అడగండి. పరగడుపున తీసిన ఒక్క నమూనాతో దొరకని గుర్రాలు దీనితో దొరుకుతాయి.

కట్టి ఉంచాలా, కదలనివ్వాలా

ఎక్కువ పంతాలు పెరిగేది ఈ ప్రశ్న మీదే. ఇరువైపులా నిజం ఉండటమే దానికి కారణం.

పూర్తి విశ్రాంతి కోరే వైద్యుల వాదన యాంత్రికమైనది. పట్టు సడలిన పొరల మీద ప్రతి అడుగూ బరువు మోపి చీలికను పెంచుతుంది, మడిచిన గిట్ట నేలను విడిచే క్షణంలో కాలి వెనక స్నాయువు (టెండన్) ఎముకను వెనక్కి లాగుతుంది, ఆ లాగుడు ఆపాలంటే నడక తగ్గాలి. కదలిక కోరే యజమాని వాదన శరీరధర్మానికి సంబంధించినది. కదలని గుర్రంలో ఇన్సులిన్‌కు స్పందన మందగిస్తుంది, కండ కరుగుతుంది, పేగుల కదలిక తగ్గి కడుపునొప్పి ముప్పు పెరుగుతుంది, నెలల పాటు నాలుగు గోడల మధ్య ఉన్న గుర్రం గోడలు తన్నుతూ, అక్కడే గిరికీలు కొడుతూ, విశ్రాంతి పేరుతోనే గిట్టను పాడుచేసుకుంటుంది. ఈ రెండు వాదాలూ జబ్బులోని రెండు వేర్వేరు దశలకు సరిపోతాయి. మీ గుర్రం ఏ దశలో ఉందన్నదే అసలు భేదం.

దాన్ని తేల్చడానికి వైద్యుల చేతిలో ఎక్స్‌రే ఉంది, మీ చేతిలో రోజువారీ పరిశీలన ఉంది. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో ఎముక తిరిగిన కోణం, అది కిందికి దిగిన దూరం, ఎముక అంచు కింద అరికాలి మందం కనిపిస్తాయి. మామూలు గుర్రంలో ఆ మందం 15 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. 10 కంటే తగ్గితే గట్టి నేల మీద నడక గురించి చర్చ అనవసరం. నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో తీసిన రెండు ఎక్స్‌రేల మధ్య ఎముక కదలకపోతే, అరికాలు మందమవుతూ ఉంటే, అది స్థిరపడుతోందని అర్థం. ఒక్క ఎక్స్‌రే మీద వాదించుకునే కంటే రెండోది తీయించడం మేలు.

మీ వంతు పరిశీలన ఇలా ఉండాలి. గిట్టకు పైనున్న కీలు వెనక, ఇరుపక్కలా వేళ్ళు తేలిగ్గా ఆనించండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో నాడి దొరకడానికే వెతుక్కోవాలి, దొరికినా మెత్తగా తగులుతుంది. వేలు పెట్టగానే టక్ టక్‌మని కొట్టుకుంటుంటే, ముఖ్యంగా రెండు ముందుకాళ్ళలోనూ అలాగే ఉంటే, గుర్రం ఎంత హుషారుగా కనిపించినా లోపల మంట ఆరలేదు. దీన్ని రోజూ ఒకే వేళకు, నడిపించడానికి ముందు చూడాలి. తర్వాత గట్టి నేల మీద నాలుగు అడుగులు తిన్నగా నడిపించి, నెమ్మదిగా ఒక పక్కకు తిప్పండి. తిన్నగా బాగానే నడిచిన గుర్రం మలుపులో ముందుకాలు దాటించడానికి వెనకాడితే, నొప్పి పోలేదు, దాగింది. ఈ వివరాలను వైద్యులకు చెప్పేటప్పుడు స్వీడన్ పశువైద్యుడు నిల్స్ ఓబెల్ 1948లో ఇచ్చిన నాలుగు స్థాయిలు వాడుకుంటే ఇద్దరి మాటా ఒకే అర్థంలో ఉంటుంది: నిలబడినచోటే కాళ్ళు మార్చుకుంటూ దుడుకు నడకలో మాత్రమే కురుచ అడుగులు వేయడం మొదటి స్థాయి, మామూలు నడకలోనే బిగదీసుకోవడం రెండోది, కాలు ఎత్తనివ్వకపోవడం మూడోది, బలవంతం చేస్తే తప్ప కదలకపోవడం నాలుగోది.

నొప్పి మందు ఇస్తున్న రోజుల్లో బాగా నడుస్తోందని, కాబట్టి బయటికి వదలాలని వాదించే యజమానితో నేను ఏకీభవించలేను. ఆ నడకలో ఎంత మందుదో, ఎంత గిట్టదో తేల్చలేం. మందు పూర్తిగా ఆపాక ఒక నెల పాటు నడకలో తేడా లేకుండా ఉంటేనే విశ్రాంతిని సడలించాలన్న పాత పద్ధతి మందకొడిగా అనిపించినా, తప్పైతే నష్టం తక్కువగా ఉండేది దానిలోనే.

అయితే వైద్యులు శాల తప్ప మరేదీ ఒప్పుకోకపోతే, మధ్యేమార్గం అడిగే హక్కు మీకుంది, అడగడం మంచిది కూడా. శాలను ఆనుకుని, మెత్తటి లోతైన ఇసుక పోసిన చిన్న ఆవరణ ఇస్తే, ఎక్స్‌రేలో స్థిరంగా ఉన్న గుర్రం తనకు ఓపిక ఉన్నంతే కదులుతుంది, నొప్పి వేస్తే నిలబడిపోతుంది లేదా పడుకుంటుంది. తాడు పట్టుకుని నడిపించడం కంటే ఇది మెరుగు. తాడు చివరన మన ఇష్టం నడుస్తుంది, ఇసుకలో గుర్రం ఇష్టం నడుస్తుంది. "రెండు వారాలు ఇలా చేసి చూద్దాం, నాడి బలపడితే లేదా మలుపులో వెనకాడితే ఆ రోజే శాలకు తెస్తాను" అని మీరే గడువూ షరతూ పెడితే, ఎక్స్‌రే స్థిరంగా ఉన్నంతవరకు ఒప్పుకోని వైద్యులు తక్కువ.

శాలలోనే ఉంచాల్సి వచ్చినప్పుడు పడక విషయంలో రాజీ పడకండి. అంతటా లోతుగా వేసి, తలుపు దగ్గర పలచగా వదిలేయడం చాలాచోట్ల చూస్తాం. తల బయటికి పెట్టి గుర్రం గంటల తరబడి నిలబడేది అక్కడే కాబట్టి ఒట్టి రబ్బరు పరుపు మీదో సిమెంటు మీదో బరువు మోపుతుంది. గడప అంచు దాకా పడక వేసి, అది బయటికి జారకుండా అడ్డుచెక్క పెట్టాలి.

తిండి: కిలోల్లో మాట్లాడండి

వైద్యులు "తక్కువ పెట్టండి" అంటారు, యజమాని "ఆకలితో చంపుతున్నారు" అంటారు. ఇద్దరూ ఒకే కట్టను చూస్తూ వేరే బరువులు ఊహించుకుంటూ ఉంటారు. ఈ వాదనకు మందు తక్కెడే.

బరువు తగ్గాల్సిన గుర్రానికి సాధారణంగా చెప్పే మోతాదు రోజుకు దేహం బరువులో 1.5 శాతం పొడి పదార్థం. 500 కిలోల గుర్రానికి అది 7.5 కిలోలు, ఎండుగడ్డిలోనూ కాస్త తేమ ఉంటుంది కాబట్టి తూచేటప్పుడు దాదాపు 8.5 కిలోలు అవుతుంది. మీ వైద్యులు చెప్పింది ఇంతకంటే బాగా తక్కువైతే కారణం అడగండి. పోనీలనూ, గాడిదలనూ, చూడి గుర్రాలనూ ఒక్కసారిగా పస్తు పెడితే ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి ముంచెత్తి, కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తుంది. ఖాళీ కడుపు గంటలు పెరిగితే పొట్టలో పుండ్లు పడతాయి, నొప్పి మందుల మీద ఉన్న గుర్రానికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఉన్న మోతాదునే చిన్న కన్నుల వలలో పెట్టి, నాలుగైదు విడతలుగా పంచడం మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మరోవైపు, మీరు పెట్టే గడ్డిలో ఎంత చక్కెర ఉందో తెలియకుండా "మా గడ్డి మంచిదే" అనడంలో అర్థం లేదు. ఇన్సులిన్ సమస్య ఉన్న గుర్రానికి చక్కెర, పిండిపదార్థం కలిపి పొడి బరువులో 10 శాతం లోపు ఉండాలంటారు. గడ్డి రంగునో వాసననో బట్టి దాన్ని చెప్పలేం, ప్రయోగశాలకు పంపాల్సిందే. అంతవరకు నానబెట్టి పెట్టడం సబబు, కానీ నానబెట్టడం వల్ల ఎంత చక్కెర పోతుందన్నది ఒక్కో గడ్డికి ఒక్కో రకంగా ఉంటుంది. చక్కెర ఎక్కువున్న గడ్డి నానినా పది శాతానికి దిగకపోవచ్చు. నానితే పోషకాలూ పొడి బరువూ తగ్గుతాయి కాబట్టి, నానబెట్టక ముందే తూచి, కొంత కలిపి వేయాలి. ఖనిజాలు, విటమిన్లు, మాంసకృత్తులు విడిగా ఇవ్వాలి. ఎండ వేడిగా ఉన్న రోజుల్లో రాత్రంతా నానిన గడ్డి పులుస్తుంది, అప్పుడు గంటసేపు నానబెట్టి, ఆ నీటిని పారబోసి పెట్టడం మేలు. బెల్లం పాకం కలిపిన దాణా, తవుడు, ఆపిల్ ముక్కలు "కొంచెమేగా" అనుకుంటూ పెట్టే యజమాని మీద వైద్యులకు ఎంత కోపం వచ్చినా తప్పు లేదు.

తిండి మీద అభిప్రాయభేదానికి రెండో వైద్యుని దాకా పోవాల్సిన అవసరం అరుదు. గడ్డి పరీక్ష ఫలితం, నెలకోసారి టేపుతో ఛాతీ చుట్టుకొలత, మెడ కొవ్వు గట్టితనం, ఇన్సులిన్ విలువ, ఈ నాలుగూ కాగితం మీద ఉంటే మాట దానంతట అదే తేలుతుంది.

లాడమా, ఒట్టి గిట్టా, బూటా

ఇక్కడ వాదన తరచు ముగ్గురి మధ్య జరుగుతుంది: వైద్యులు, గిట్టలు చెక్కే ఫారియర్, మధ్యలో మీరు. అరికాలి మధ్యనుండే మెత్తటి త్రికోణ భాగానికి (ఫ్రాగ్) ఆధారమిచ్చే హార్ట్‌బార్ లాడం, అతికించే చెక్క క్లాగ్, మెత్తటి దిండు వేసిన బూటు, ఒట్టి గిట్టతో తరచుగా చెక్కించడం, వీటిలో ప్రతిదానితోనూ బాగుపడిన గుర్రాలున్నాయి. అన్నిటి లక్ష్యమూ ఒకటే, ముందు అంచు మీది లాగుడు తగ్గించి బరువును వెనక సగానికి మళ్ళించడం. ఒక పద్ధతే సరైనదని ప్రమాణం చేసి చెప్పేవారిని, వారు వైద్యులైనా ఫారియర్ అయినా, కాస్త అనుమానంగా వినండి.

నా మొగ్గు తొలి నెలల్లో బూటు వైపు. అతికించింది, కొట్టింది ఏదైనా పడకపోతే తీయడానికి మళ్ళీ ఒకరు రావాలి, నొప్పిగా ఉన్న గిట్ట మీద మేకు కొట్టే దెబ్బలు కూడా పడతాయి; బూటును మీరే విప్పి, లోపల ఒరిపిడి ఉందో లేదో చూసి, మళ్ళీ తొడగవచ్చు. ఎముక బాగా తిరిగిన గుర్రంలో బూటు ఒక్కటే చాలదని వైద్యులు అంటే మాత్రం, ఎక్స్‌రే చేతిలో ఉన్నవారి మాటే వినాలి. ఏది ఎంచుకున్నా ఫారియర్ ఎక్స్‌రే చూడకుండా గిట్ట చెక్కకూడదు. ఇద్దరినీ ఒకే రోజు, ఒకే సమయానికి గుర్రం దగ్గర నిలబెట్టగలిగితే, వారాల తరబడి నడిచే రాయబారాలు అరగంటలో ముగుస్తాయి.

మందులూ పచ్చికా

ఫినైల్‌బ్యుటజోన్ వంటి నొప్పి మందు ఎక్కువ కాలం వాడితే కడుపులోనూ పెద్దపేగులోనూ పుండ్లు పడతాయని, మూత్రపిండాలకు హాని అని యజమానులు భయపడటం సబబే. ఆ భయంతో చెప్పకుండా ఆపేయడం వద్దు, ఫిరోకాక్సిబ్ వంటి ప్రత్యామ్నాయం గురించి, మెట్లుగా తగ్గించే తేదీల గురించి అడగండి. తగ్గించిన ప్రతి మెట్టులోనూ నాడి, మలుపు పరీక్షలు రాసిపెట్టండి. ఉన్నట్టుండి ఒకే కాలు మీద భరించలేని కుంటి వస్తే జబ్బు తిరగబెట్టిందని హడలిపోనక్కర లేదు, కోలుకునే నెలల్లో గిట్ట లోపల చీము గడ్డ కట్టడం చాలా మామూలు. వైద్యులను పిలిపించి చూపించాల్సిందే, పథకం మొత్తం తప్పని తీర్మానించడం మాత్రం తొందరపాటు.

పిట్యూటరీ జబ్బు తేలిన గుర్రానికి పెర్గోలైడ్ జీవితాంతం అవసరం; మొదట్లో తిండి సరిగా తినకపోతే మోతాదు మార్పు గురించి అడగాలి గానీ మానకూడదు. ఎర్టుగ్లిఫ్లోజిన్ వంటి మనుషుల మధుమేహ మందులను ఇన్సులిన్ దించడానికి గుర్రాల్లో వాడుతున్నారు. అవి వేగంగా పనిచేస్తాయి, రక్తంలో కొవ్వును ప్రమాదకరంగా పెంచే అవకాశమూ ఉంది. మీ వైద్యులు వీటికి ఒప్పుకోకపోతే మరో వైద్యుని అడగడంలో తప్పు లేదు. ఇస్తామన్నవారు మాత్రం ఆ కొవ్వును, అంటే ట్రైగ్లిజరైడ్లను, ఎప్పుడెప్పుడు కొలుస్తారో చెప్పలేకపోతే, వద్దన్న వైద్యులే జాగ్రత్తపరులు. కీళ్ళనొప్పికో అలర్జీకో స్టెరాయిడ్ ఇంజెక్షను ఇవ్వబోతే, ఇన్సులిన్ సమస్య ఉన్న గుర్రమని వారికి ముందే గుర్తుచేయండి. అక్కడ మీరు అభ్యంతరం చెప్పడం పూర్తిగా న్యాయం.

పచ్చిక విషయంలో నేను వైద్యుల కంటే కూడా కఠినంగా ఉంటాను. ఇన్సులిన్ మామూలుకు రాకుండా, కొత్త గోడ సగం కూడా దిగకుండా పచ్చికలో వదలడం ఎవరు సలహా ఇచ్చినా ఒప్పుకోవద్దు. తర్వాత మొదలుపెట్టినా, ఎండ కాసిన సాయంత్రం గడ్డిలో చక్కెర ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ, గడ్డకట్టే చలి రాత్రి తర్వాత మాత్రం ఉదయం కూడా ఎక్కువే అన్న లెక్క గుర్తుంచుకోవాలి. గంటసేపే వదిలాం కదా అన్న ధీమా చెల్లదు. గంటలు కుదించిన కొద్దీ పోనీలు ఆబగా మేయడం నేర్చుకుంటాయి; మూతికి బుట్ట తొడగడం సమయం తగ్గించడం కంటే నమ్మదగినది.

రెండో అభిప్రాయం ఎప్పుడు, ఎలా

మూడు సందర్భాల్లో ఆలస్యం చేయకుండా మరో వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. ఆరు వారాల చికిత్స తర్వాత కూడా నొప్పి మందు తగ్గించలేకపోతే, ఎక్స్‌రే గానీ ఇన్సులిన్ పరీక్ష గానీ అడిగినా చేయకపోతే, కాలి వెనక స్నాయువును కోయడం వంటి వెనక్కి తీసుకోలేని శస్త్రచికిత్స ప్రతిపాదిస్తే. మిగతా భేదాలన్నీ ఉన్న వైద్యునితోనే, పైన చెప్పినట్టు గడువూ షరతూ పెట్టి తేల్చుకోవచ్చు.

వెళ్ళేటప్పుడు మొదటి వైద్యునికి చెప్పి, ఎక్స్‌రేలూ రక్తపరీక్షలూ వారి నుంచే పంపించమనండి. గుర్రాలకే పరిమితమై పనిచేసే వైద్యులనో, పశువైద్య కళాశాల ఆసుపత్రినో వారే సూచిస్తే ఇంకా మంచిది. చాటుగా వెళ్తే కొత్త వైద్యులు సగం కథతో నిర్ణయం చెబుతారు. ఇద్దరూ రెండు మాటలు చెబితే "ఎవరు కరెక్టు" అని అడగకండి. "ఏది కనిపిస్తే మీరు మీ అభిప్రాయం మార్చుకుంటారు" అని ఇద్దరినీ అడగండి. ఒకరు "తర్వాతి ఎక్స్‌రేలో అరికాలు మూడు మిల్లీమీటర్లు పెరగకపోతే" అని చెప్పి, మరొకరు "నా అనుభవం అంతే" అంటే ఎంపిక పెద్ద కష్టం కాదు. ఎంచుకున్నాక ఒకరి పథకం మొత్తాన్ని పాటించండి. ఒకరి తిండి, ఇంకొకరి లాడం, మనకు నచ్చిన విశ్రాంతి కలిపి చేసిన చికిత్స విఫలమైతే ఎక్కడ పొరపాటు జరిగిందో ఎవరికీ తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం ఇన్ని వారాల గడువులు పనికిరావు. గుర్రానికి నొప్పి లేకుండా ప్రాణం తీయడమే మంచిదని వైద్యులు అని, మీరు ఒప్పుకోలేకపోవచ్చు. మీరు చాలనుకుని, వైద్యులు ఇంకా చూద్దామనవచ్చు. ఎముక అరికాలిని పొడుచుకుని రావడం, గిట్టల లోపల ఎముక అంతా కిందికి జారి గిట్ట పై అంచున వేలికి గుంట తగలడం, పూర్తి మోతాదు మందుల మీద కూడా రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉండటం, మేత వదిలేయడం, ఇవి కలిసి కనిపిస్తుంటే బాగుపడే అవకాశం బాగా తక్కువ. ఇవేవీ లేకుండా, కోణం ఎక్కువగా తిరిగిందన్న ఒక్క కారణంతో చెబితే ప్రశ్నించడం సమంజసమే, ఎక్కువ కోణం తిరిగినా మళ్ళీ నడిచిన గుర్రాలున్నాయి. రెండో అభిప్రాయాన్ని ఆ రోజే, ఎక్స్‌రేలను ఫోనులో పంపించి అయినా తీసుకోండి. జవాబు వచ్చేదాకా నొప్పి మందు పూర్తి మోతాదులో ఇవ్వమని మీ వైద్యుని కోరండి, దుష్ప్రభావాల లెక్క ఆ ఒక్క రోజుకు పక్కన పెట్టవచ్చు.